కుమారుని సమాధిని వెదకిన తండ్రి

రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో జన్మించిన ఆంగ్ల రచయిత. ఆయన సామ్రాజ్యవాదాన్ని మనము అంగీకరింపలేము. అయినను ఆయన జీవితపు చివరి 20 సంవత్సరాలను తలచుకొన్నపుడు మన మనస్సు కరుగక మానదు.

ఏకైక కుమారుడు జాన్‌ను దృష్టిలోపం కారణంగా సైన్యం నిరాకరించగా, తండ్రియే తన పలుకుబడితో ఐరిష్ గార్డ్స్ దళంలో చేర్పించారు. 18 ఏండ్లు నిండిన నెలన్నరలోపే, 1915 సెప్టెంబరులో, ఫ్రాన్సులోని లూస్ యుద్ధరంగంలో జాన్ కనిపించకుండా పోయినాడు. అతని తోటి సైనికులను ఎందరినో విచారించినను భౌతికకాయం ఆచూకీ దొరకలేదు. ఆ తండ్రి తన్ను తాను క్షమించుకొనగలిగి ఉండునా?

1917లో కిప్లింగ్ యుద్ధసమాధుల సంఘంలో చేరి, పలుమార్లు ఆ శ్మశానవాటికలను దర్శించారు. అధికారికైనను సిపాయికైనను ఒకే తీరు శిల ఉండవలెనన్న నియమాన్ని గట్టిగా సమర్థించారు. పేరు తెలియనివారి శిలలపై, వీరెవరో భగవంతునికే ఎరుకయని తెలిపే మాటలను సూచించినది ఆయనే. 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కిన న్యూవ్ షాపెల్ స్మారకం 1927లో ఆవిష్కృతమైనప్పుడు కూడ ఆయన హాజరైనారు.

1936లో ఆయన మరణించేనాటికి కుమారుని సమాధి తెలియనే లేదు. 1992లో ఆ సంఘం లూస్ సమీపాన గల ఒక అజ్ఞాత లెఫ్టినెంటు సమాధిని జాన్‌దిగా ప్రకటించినది. కొందరు పరిశోధకులు సందేహించారు. అంతవరకు ఆ శిలపై ఉన్నవి తండ్రి ఎన్నుకొన్న మాటలే.