పెన్సిలు గీతలలో శ్రమజీవులు: చిత్రకారుడు జార్జ్ చిన్నరీ

పలకా బలపం తరువాత మన విద్యార్థి చేతికి అందే సాధనం పెన్సిలు. ఆ సామాన్య సాధనంతోనే సామాన్య జనుల రూపాలను చిరకాలం నిలిపిన చిత్రకారుడు జార్జ్ చిన్నరీ.

ఆయన 1774లో లండను నగరంలో జన్మించారు. అక్కడి రాయల్ అకాడమీ పాఠశాలలో చిత్రకళ అభ్యసించి, కొంతకాలం డబ్లిన్‌లో పనిచేసి, 1802లో మద్రాసు చేరారు. ఆనాడు మన ప్రాంతం మైసూరు సంస్థానంలో ఉండగా, ఉత్తర సర్కారుల వంటి తెలుగు సీమలు మద్రాసు పాలనలో ఉండేవి. దొరలకు, వారి కుటుంబాలకు రూపచిత్రాలు వేయడం చిన్నరీ జీవనోపాధి. అయితే ఆయన మనసు వీధులలోనూ సముద్రతీరంలోనూ ఉండేది. కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టి చేసిన మసూలా పడవలు, వాటిని అలలకు ఎదురు నడిపే శ్రామికులు ఆయన చిత్రాలకు వస్తువులయ్యారు.

1807లో వంగదేశానికి తరలి, ఢాకా, కలకత్తాలలో నివసించారు. పూరిగుడిసెలు, పశువులు, నీళ్లు మోసే స్త్రీలు, పల్లె పనిపాటలు ఆయన పుస్తకాలను నింపాయి. చూసినది చూసినట్లు పెన్సిలుతో గీసుకొని, తీరికవేళ ఆ గీతలపై సిరాతో దిద్దేవారు. బొమ్మ అంచున సంక్షిప్త లిపిలో తమ అభిప్రాయాన్ని వ్రాసుకొనేవారు. తమ పనిని తామే పరీక్షించుకొనే ఆ అలవాటు విద్యార్థులకు ఆదర్శం.

ఆయనలో లోపం లేకపోలేదు. ఆర్జన ఎంత ఉన్నా వ్యయం అంతకు మించింది. అప్పుల బాధ తాళలేక 1825లో కుటుంబాన్ని విడిచి, చైనా తీరాన పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న మకావుకు వెళ్లిపోయారు. అక్కడ కూడా పడవ నడిపే స్త్రీలను, కమ్మరులను, మంగలులను చిత్రిస్తూనే 1852లో కన్నుమూశారు. ఆయన చిత్రాలు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియం మొదలైన చోట్ల భద్రంగా ఉన్నాయి.

ధనమిచ్చి బొమ్మ వేయించుకొన్న దొరల పేర్లు చరిత్రలో మిగిలాయి. పడవవానికి, నీళ్లు మోసిన స్త్రీకి మిగిలినది ఆ పెన్సిలు గీత మాత్రమే. వారిలో చాలామంది పేర్లు మనకు అందలేదు.

ఈ ప్లాటినం జూబిలీ సంచికలో పెద్దల ఛాయాచిత్రాలు ఉన్నాయి. కాని తాము బడి గడప తొక్కకపోయినా, రాగి చేలలో, వేరుశనగ పొలాలలో కూలి చేసి బిడ్డలను ఈ బడికి పంపిన తల్లిదండ్రుల చిత్రాలు మన వద్ద ఎన్ని ఉన్నాయి? ప్రతి విద్యార్థి తన ఇంటి పెద్దను పనిలో చూసి ఒక్క బొమ్మ గీయాలని, దాని క్రింద వారి పేరు, చేసే పని తప్పక వ్రాయాలని, పూర్వ విద్యార్థులు సైతం ఈ కార్యంలో పాలుపంచుకోవాలని మనవి చేస్తున్నాను.