ఫాల్కే మహాశయుని చిత్రరచన

దాదాసాహేబు ఫాల్కే పేరెఱుగని వారు మన పాఠకులలో నుండరు. కాని యాయన గొప్పతన మెందున్నదని యడిగినచో, మన దేశమున తొలి కథాచిత్రమును తీసినవాడని చెప్పి యూరకుందురు. బొమ్మలచే కథ చెప్పుటలో నాయన చూపిన నేర్పును గూర్చి మేమిచట ముచ్చటింపదలచితిమి.

ధుండిరాజ గోవింద ఫాల్కే 1870లో నాసిక సమీపమున త్ర్యంబకేశ్వరమున సంస్కృత పండితుని యింట జన్మించెను. బొంబాయిలోను బరోడాలోను చిత్రలేఖనమును, ఛాయాగ్రహణమును నేర్చెను. పురావస్తు శాఖలోని యుద్యోగమును స్వదేశోద్యమ కాలమున విడిచి, ముద్రణాలయమును నడపెను. ఇంద్రజాలము నభ్యసించి, తన యింటిపేరును తిరుగవేసి ప్రొఫెసరు కెల్ఫా యనుపేర ప్రదర్శనము లిచ్చుటయు గలదు. ఈ విద్యలలో నొక్కటియు వ్యర్థము గాలేదు.

బొంబాయిలో క్రీస్తు చరిత్రమును తెరపై చూచుచు నాయన మన రామకృష్ణులను భావించెను. బీమా పత్రములను కుదువబెట్టి 1912లో లండను కేగి, కెమేరాను కొని తిరిగివచ్చెను. ధనమిచ్చువారికి నమ్మకము కలుగవలదా? బఠాణీ గింజను నాటి, ఎడనెడ నొక్కొక్క బొమ్మ తీసి, దినముల తరబడి పెరిగిన మొలకను క్షణములలో పెరుగునట్లు చూపెను. కాలమును కుదించుట కథకుని తొలి పని. ఆ పనిని కెమేరాచే చేయించెను.

భార్య సరస్వతీబాయి నగలిచ్చుటయే గాక, ఫిలిమునకు రంధ్రములు పొడుచు పనియు నేర్చెను. 1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషను సినిమాలో రాజా హరిశ్చంద్ర ప్రదర్శితమయ్యెను. స్త్రీలెవ్వరును నటింప సమ్మతింపకుండుటచే, హోటలులో వంటపని చేసిన సాళుంకే చంద్రమతి వేషము ధరించెను. 1917 నాటి లంకాదహనమున నాతడే రాముడు, ఆతడే సీత!

ఆయన చిత్రములు గారడీలని యీసడించువారు గలరు. మే మట్లు తలపము. కెమేరాను నిలిపి, పాత్రను తొలగించి మరల త్రిప్పుటయు, తీసిన ఫిలిముపైననే మరల తీయుటయు నింద్రజాలికుని యుపాయములే. కాని 1918 నాటి శ్రీకృష్ణజన్మమున కంసుని శిరస్సు మొండెమును వీడి పైకెగసి మరల వచ్చి నిలుచును. మాటలేని చిత్రమున కంసుని భయమును ప్రేక్షకునికి వేఱెట్లు తెలుపవలెను? అచట నుపాయమే కథ. 1919 నాటి కాళీయమర్దనమున తన కుమార్తె మందాకిని కృష్ణుడు. కథకు ముందుగా నా బాలిక ముఖమునే తెరనిండ చూపి, హావభావములను మనచే చదివించెను. మిగిలినచోట్ల కెమేరా తఱచుగా నాటకశాలలోని ముందువరుస ప్రేక్షకునివలె కదలక కూర్చుండును, ఇది లోపమే.

1918లో వాటాదారులతో స్థాపించిన హిందూస్థాన్ సంస్థలో పొత్తు కుదరక యాయన కొంతకాలము కాశికి పోయెను. శబ్దము వచ్చిన పిదప తెర యాయనకు పరాయిదయ్యెను. 1937లో గంగావతరణ మొక్కటే యాయన టాకీ. 1944 ఫిబ్రవరి 16న నాసికలో నించుమించు విస్మృతుడై మరణించెను. ఇరువదియైదేండ్లకు, 1969లో ప్రభుత్వ మాయన పేర పురస్కారమును నెలకొల్పెను. 1974వ సంవత్సరపు పురస్కారము మన బి. ఎన్. రెడ్డిగారికి లభించెను.