పాండిపెద్ది చెంచయ్యగారు

మూలసాక్ష్యము వేరు, దానిపై వెలువడిన భాష్యము వేరు. న్యాయవాదులమగు మాకు ఈ భేదము నిత్యానుభవము. దీనిని క్రైస్తవ మతశాస్త్రమునకు అన్వయించి, పాశ్చాత్య పండితులను నిలదీసిన ఆంధ్రులు పాండిపెద్ది చెంచయ్యగారు.

ఆయన 1886లో నెల్లూరున జన్మించిరి. చిన్నతనముననే కుటుంబముతో క్రైస్తవమును స్వీకరించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, న్యాయవాదియై, పిమ్మట పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. 1959లో దివంగతులైరి. మతబోధ ఆయనకు జీవనోపాధి కాలేదు. అందుచేతనే కాబోలు, నిర్భయముగ వ్రాయగలిగిరి.

క్రైస్తవ సిద్ధాంతములు ఒక్కనాట పుట్టినవి కావు. 325లో నైసియా సభయు, 451లో కాల్సిడన్ సభయు గ్రీకు తత్త్వపరిభాషలో క్రీస్తు స్వరూపమును నిర్ణయించినవి. 16వ శతాబ్దమున లూథరు మొదలగువారు సంస్కరణములు తెచ్చిరి. ఈ భాష్యములన్నియు మిషనరీల వెంట మన దేశమునకు దిగుమతి యైనవి. క్రీస్తును తమ తత్త్వముతో గ్రహించుటకు గ్రీకులకు గల హక్కు భారతీయులకు మాత్రమేల లేదని చెంచయ్యగారి ప్రశ్న.

1938 డిసెంబరులో చెన్నపురి చెంత తాంబరమున అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగెను. దానికై డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమరు వ్రాసిన గ్రంథము క్రైస్తవ దైవప్రకటనకును ఇతర మతములకును నడుమ వంతెన లేదని వాదించెను. చెంచయ్యగారును, వేంగల్ చక్కరై మొదలగు మిత్రులును ఆ యేటనే ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అను గ్రంథముతో ప్రతివాదము వినిపించిరి. చెంచయ్యగారి మతమున క్రీస్తు నూతన సృష్టికి ఆదిపురుషుడు. రక్షణ యనగా పాపక్షమ మాత్రమే కాదు, పరిశుద్ధాత్మశక్తిచే మానవుడు క్రొత్తవాడగుట. సంఘవ్యవస్థకంటె ఈ నవజీవనమే ముఖ్యము. మతము మారినవాడు హైందవ వారసత్వమును త్యజింప నక్కరలేదు.

ఈ వాదమున ఒక లోపము మాకు తోచుచున్నది. ఆయన పుట్టుటకు ఎనిమిదేండ్లు ముందు, 1878 జులై 3న, నాడు నెల్లూరు జిల్లాలోనిదే యగు ఒంగోలు ప్రాంతమున 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. గుడివాకిలి దాటనీయని వారసత్వమును నిలుపుకొమ్మనుట వారికి ఊరట కాజాలదు. 1980వ దశకమునుండి దళిత వేదాంతులు ఈ ప్రశ్ననే గట్టిగ అడుగుచున్నారు. పైగా చెంచయ్యగారి ముఖ్యరచనలు ఆంగ్లమున నుండుటచే తెలుగు సంఘములకు అవి అందలేదు.

అయినను ఆయన చూపిన త్రోవ మూతపడలేదు. మూలమును తామే విచారించు హక్కు గ్రీకులకేగాక చెంచయ్యగారికిని ఉన్నచో, గుండ్లకమ్మ యొడ్డున బాప్తిస్మము పొందినవారి మనుమలకును ఉన్నది. ఈ వాదమును కడముట్ట నడపినచో తేలు తీర్పు ఇదియే యని మా నమ్మకము.