గోనవంశ దీపిక కుప్పాంబిక

తిరుమల ఆనందనిలయమున ఏకాంతసేవ వేళ పవళించు భోగశ్రీనివాసమూర్తిని ఎరుగని వైష్ణవ గృహము తెలుగునాట అరుదు. ఆ వెండిమూర్తిని స్వామికి సమర్పించినది పల్లవ రాణి సామవై. మూర్తిని మాత్రమే గాక ఆభరణములను, పూజకై భూములను కూడ ఒసంగి, ఆ సంగతిని ఆలయ శిలపై చెక్కించిన పుణ్యాత్మురాలామె. శ్రీకృష్ణదేవరాయల దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవి 1513వ సంవత్సరమున స్వామివారి పాల నివేదనకు బంగారు గిన్నెలను సమర్పించిరి. ఇట్టి దానములను తలచునపుడు ఆ తల్లుల భక్తియే మన మనస్సున మెదలును. ఆ భక్తికి చేయూతగా నిలిచిన అధికారము మాత్రము అంతగా స్ఫురింపదు.

భూమిని దానమొసంగవలెనన్న ఆ భూమిపై హక్కు ఉండవలెను. శాసనము చెక్కింపవలెనన్న ఆ మాటను రాజోద్యోగులును, గ్రామజనులును మన్నింపవలెను. దానము భక్తికి ఫలము, అధికారమునకు ప్రమాణము. మధ్యయుగపు రాణులకు ఈ రెండును ఏ విధముగా కలిసివచ్చినవో తెలిసికొనుటకు పాలమూరు సీమకు చెందిన కుప్పాంబిక చరితము చక్కని ఉదాహరణము.

కృష్ణా తుంగభద్రలు ప్రవహించు సీమ యిది. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు అందులోనివే. చెంతనే మహానదులు పారుచున్నను మెట్టభూములపై వాన తక్కువ. కావున ఇచట చెరువు త్రవ్వించినవాడే ప్రభువు. గుడి కట్టించినవాడే కీర్తిశేషుడు. పదుమూడవ శతాబ్దమున కాకతీయ చక్రవర్తులకు సామంతులుగా గోనవంశీయులు ఈ సీమను పాలించిరి. వారి రాజధాని వర్ధమానపురము. నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలములోని నందివడ్డెమానే ఆనాటి వర్ధమానపురము.

ఈ వంశమున జన్మించిన గోన బుద్ధారెడ్డి కత్తి పట్టిన చేతితోనే గంటమును పట్టినవాడు. తన తండ్రియైన విఠ్ఠలనాథుని పేర ఆయన రచించిన ద్విపద కావ్యమే రంగనాథ రామాయణము. పండితులకే గాక పల్లెజనులకు కూడ పాడుకొన వీలగు ద్విపద ఛందస్సులో రామకథ ఆమూలాగ్రముగా తెలుగువారికి లభించినది ఆయన వలననే. బుద్ధారెడ్డి యుద్ధకాండము వరకు రచింపగా, ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచవిభుడు, విఠ్ఠలరాజు పూర్తిగావించిరి. ఆ కవి కుమార్తెయే కుప్పాంబిక. తండ్రియు సోదరులును రామకథను గానము చేసిన యింట పెరిగిన భాగ్యము ఆమెది.

రంగనాథ రామాయణమున వాల్మీకమున లేని కథలు పెక్కు కలవు. సేతుబంధన వేళ ఇసుక రేణువులను మోసి స్వామి కరస్పర్శను పొందిన ఉడుత కథ అందులోనిదే. అల్పుని సేవను కూడ భగవంతుడు లెక్కలోనికి గొనునని ఆ కథ బోధించును. ఆ కావ్యమున స్త్రీల పలుకునకు కూడ గొప్ప స్థానము కలదు. సీతమ్మను రామునికి అప్పగింపుమని మండోదరి భర్తకు రాజనీతిని బోధించును. రావణుడు ఆ మాటను పెడచెవిని బెట్టెను, లంక భస్మమయ్యెను. రాణి యొక్క ఆలోచన రాజ్యమునకు రక్షయని, దానిని త్రోసిపుచ్చుట వినాశ హేతువని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము. ఇంద్రజిత్తు దేవి సులోచన కథయు ఆ కావ్యమున కలదు. భర్త శిరస్సును అర్థించి తెచ్చుకొని అతనితో సహగమనము చేసిన సాధ్వి ఆమె. ఈ కథను గుర్తుంచుకొనవలెను. కుప్పాంబిక జీవితమున దీని ప్రసక్తి మరల వచ్చును.

కుప్పాంబికను మాల్యాల గుండ దండాధీశునికి ఇచ్చి వివాహము చేసిరి. మాల్యాలవారు కాకతీయ సైన్యమునకు వెన్నెముక వంటి సేనాని కుటుంబము. గణపతిదేవుని దివిసీమ దండయాత్రలో పేరొందిన మాల్యాల చౌండ సేనాని ఈ వంశమువాడే. ఆ చౌండుడు 1203వ సంవత్సరమున కొండపర్తిలో ఆలయ ప్రతిష్ఠ గావించెను. ఒకవైపు కవిరాజుల పుట్టినిల్లు, వేరొకవైపు సేనానుల మెట్టినిల్లు. ఈ వివాహముతో పాలమూరు సీమలోని రెండు బలమైన సామంత కుటుంబములు ఒక్కటైనవి. ఆనాటి రాజకన్యల వివాహములు రెండు మనస్సుల కలయికయే గాక రెండు సైన్యముల మైత్రి కూడ. ఆ మైత్రిని నిలుపు భారము వధువుపై నుండెడిది. నేడు భూత్పూరుగా పిలువబడు బూదపురమునకు బుద్ధాపురమని కుప్పాంబిక తండ్రి పేర నామము వెలయుట ఈ బంధుత్వపు దృఢత్వమునకు నిదర్శనము.

ఆమె జీవించిన కాలము కూడ విశేషమైనది. 1262వ సంవత్సరము నుండి 1289 వరకు ఓరుగల్లు సింహాసనముపై ఒక స్త్రీ ఆసీనురాలై యుండెను. కుమారులు లేని గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమదేవిని వారసురాలిగా నిలిపెను. శాసనములు ఆమెను పెక్కుచోట్ల రుద్రదేవ మహారాజని పురుషనామముతోనే పేర్కొనుచున్నవి. స్త్రీ ఏలికకు తలవంచుటకు ఇష్టపడని వారు లోపల కలతలు రేపిరి. దేవగిరి యాదవులు వెలుపలినుండి దండెత్తి వచ్చిరి. అట్టి క్లిష్ట సమయమున రుద్రమదేవికి అండగా నిలిచిన సామంతులలో గోనవారు, మాల్యాలవారు ముఖ్యులు. కుప్పాంబిక పుట్టినింటివారును మెట్టినింటివారును ఒక స్త్రీ సార్వభౌమత్వమును కాపాడుటకు కత్తి పట్టిరన్న మాట.

రుద్రమదేవి అధికారము యుద్ధభూమికే పరిమితము కాలేదు. 1261 నాటి మల్కాపుర శాసనము ఇందులకు సాక్షి. శైవాచార్యుడైన విశ్వేశ్వరశంభునకు గణపతిదేవుడు మందడమును, రుద్రమదేవి వెలగపూడిని దానమొసంగిరి. ఆ దానఫలముగా వెలసిన ధర్మసంస్థలలో ఆలయము, విద్యాలయము, అన్నసత్రము, ఆరోగ్యశాలలతోపాటు ప్రసూతిశాల కూడ కలదు. పురుడు పోసుకొను పేదరాలికి నీడ నిచ్చుట దైవకైంకర్యములో భాగమని ఏడువందల అరువది సంవత్సరములకు పూర్వమే గుర్తించిన ధర్మమది.

అట్టి కాలమున కుప్పాంబికకు వైధవ్యము ప్రాప్తించెను. గుండ దండాధీశుడు పరమపదించెను. సేనాని మరణించినపుడు అతని ఇల్లాలి యెదుట నిలుచు ప్రశ్నలు సామాన్యమైనవి కావు. అతని పేరు నిలుచుట ఎట్లు? అతని ఆశ్రితులకు దిక్కెవరు? తనకు ఇక మిగిలిన స్థానమేమి? తండ్రి కావ్యమున సులోచన ఎంచుకొనిన మార్గము లోకమున పూజ్యముగనే యుండెను. కుప్పాంబిక మాత్రము జీవించి యుండి ధర్మమును నెరవేర్చు మార్గమును గైకొనెను. భర్త పేర బూదపురమున గుండేశ్వరాలయమును నిర్మింపజేసి, 1276వ సంవత్సరమున శాసనము వేయించెను. దేహమును అగ్నికి అర్పించిన సాధ్విని కావ్యము కీర్తించినది. భర్త నామమును దైవనామముతో ముడివేసి నిలిపిన ఈ సాధ్విని శిల కీర్తించుచున్నది.

ఈ కార్యమునకు ఆమెకు అధికారమెక్కడిది? ఆ ప్రశ్నకు సమాధానము ధర్మశాస్త్రమున కలదు. కల్యాణి చాళుక్యుల ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. స్త్రీకి తల్లిదండ్రులు, సోదరులు, భర్త ఇచ్చినదే గాక, వారసత్వము మొదలగు మార్గములలో లభించిన సొత్తును కూడ ఆయన స్త్రీధనముగనే పరిగణించెను. విభక్తుడై, పుత్రసంతానము లేక మరణించిన వాని ధనము భార్యకు చెందునని నిర్ణయించెను. ఈ గ్రంథము సంస్కృతజ్ఞులకే పరిమితము కాక, పదుమూడవ శతాబ్దముననే మూలఘటిక కేతన చేత విజ్ఞానేశ్వరీయముగా తెనుగున వెలసెను. శాస్త్రము ఒప్పుకొనిన హక్కును ఆనాటి రాచయింటి స్త్రీలు పుస్తకముననే విడువక, ఆలయములు, తటాకముల రూపమున ఆచరణలోనికి తెచ్చిరి.

ఆలయదానమన గోడలు లేపి విగ్రహమును నిలుపుట మాత్రమే కాదు. ధూపదీప నైవేద్యములకు మాన్యము కావలెను. అర్చకునకు, వంటవానికి, పూలు కట్టువానికి, మంగళవాద్యము వాయించువానికి వృత్తులు కల్పింపవలెను. ఆ మాన్యము పండుటకు చెరువు నీరు కావలెను. పొలిమేరలు నిర్ణయించి, ధారాపూర్వకముగా దానము చేసి, సూర్యచంద్రులున్నంతవరకు చెల్లునట్లు శిలపై వ్రాయింపవలెను. దానిని హరించువారికి పాపము చుట్టుకొనునని శాపవచనము కూడ చేర్చుట ఆచారము. ఇట్టి ఏర్పాటు వలన ఒక గుడి చుట్టును ఒక ఊరు బ్రతికెడిది. అట్టి దానము చేసిన స్త్రీ తన యింటి గడప దాటి గ్రామము యొక్క నీటిని, నేలను, జీవనోపాధిని శాసించిన దగుచున్నది. బూదపుర శాసనములకు కవిత్వశోభ కూడ కలదు. ఈశ్వర భట్టోపాధ్యాయుని సంస్కృత కవిత్వము వాటిని అలంకరించినది.

కుప్పాంబిక ఈ మార్గమున ఏకాకిని కాదు. గణపతిదేవుని మరియొక కుమార్తె గణపాంబ కోటవంశీయుడగు బేతరాజునకు దేవియై, భర్త మరణానంతరము ధరణికోట రాజ్యమును తానే పాలించెను. భర్త పేర బేతేశ్వరుని, తండ్రి పేర గణపేశ్వరుని ప్రతిష్ఠించినట్లు ఆమె యనమదల శాసనము తెలుపుచున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తి సముద్రమను చెరువును త్రవ్వించి శాసనము వేయించెను. పుట్టినింటి కీర్తిని, మెట్టినింటి కీర్తిని రెండుచేతుల మోసిన స్త్రీలు వీరు. యుద్ధములో గెలిచిన కోటలు చేతులు మారినవి. వీరు త్రవ్వించిన బయ్యారము చెరువు వంటివి నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి.

కుప్పాంబికకు వేరొక కీర్తియు కలదు. ఆమె కవయిత్రి. పెదపాటి జగన్నాథకవి సంకలనము చేసిన ప్రబంధరత్నాకరమున ఆమె పద్యము చోటు చేసికొనినది. తొలి తెలుగు కవయిత్రిగా సాహిత్యచరిత్రకారులు ఆమెను గౌరవించుచున్నారు. ఆమె కవిత్వములో మనకు దక్కినది అత్యల్పము. తాళపత్రము చెదల పాలగును. రాయి కొంత కాలము తాళును. కవయిత్రిగా ఆమె పేరు ఒక సంకలనకర్త దయవలన నిలిచినది. దాత్రిగా ఆమె పేరు ఆమె సంకల్పబలము చేతనే నిలిచినది.

శివాలయమును నిర్మించిన స్త్రీ చరితము హరిభక్తులకేల యని తలపవలసిన పనిలేదు. తండ్రి రామకథను గానము చేసెను. కుమార్తె శివుని ప్రతిష్ఠించెను. రామేశ్వరమున ఇసుకతో లింగమును నిలిపి పూజించిన స్వామి కథను వినుచు పెరిగిన తెలుగు గృహములలో ఈ రెండింటికిని విరోధము లేదు. ఆశ్రితుని సేవను స్వీకరించు దైవము ఏ రూపమున నున్నను, సేవించువాని భావమే ప్రధానము.

1289వ సంవత్సరమున రుద్రమదేవి నిర్యాణము చెందెను. ఆ మహారాణి మరణమును మనకు తెలిపినది విజయస్తంభము కాదు. ఆమె పుణ్యముకొరకై ఒక భటుడు చేసిన చిన్న దానమును తెలుపు చందుపట్ల శాసనము. చక్రవర్తినికైనను చివరకు సాక్షిగా మిగిలినది దానశిలయే. 1294లో గోన గన్నారెడ్డి ఆధ్వర్యమున రాయచూరు కోట వెలసెను. కొలది దశాబ్దములలో కాకతీయ సామ్రాజ్యము అస్తమించెను. గోనవారి రాజధాని నేడొక పల్లె. అయినను ఈ సీమలో రాణుల ధర్మపాలన ఆగిపోలేదు. తిరుమలేశునికి బ్రహ్మోత్సవములకు జోడు పంచెలను సమర్పించు గద్వాల సంస్థానమున, కోటలోని చెన్నకేశవస్వామి సాక్షిగా, 1924 నుండి సంస్థానము విలీనమగు వరకు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలన సాగించుట దీనికి తార్కాణము.

సింహాసనము దైవదత్తము, అది కొందరికే లభించును. ఇచ్చు చేయి మాత్రము సంకల్పమున్న వారందరికిని కలదు. ఉడుత తెచ్చిన ఇసుకను స్వీకరించిన రామచంద్రుడు, రాణి ఇచ్చిన మాన్యమును, పేదరాలు వెలిగించిన ప్రమిదను సమముగనే స్వీకరించును. మన యిండ్లలోని తల్లుల పేర, వారి సొత్తుతో జరుగు ధర్మకార్యములలో వారి మాటకే అగ్రస్థానము నొసంగుట కుప్పాంబిక వంటి పుణ్యవతులకు మనము చేయదగిన నిజమైన నివాళి. ఆ సద్బుద్ధిని శ్రీనివాసుడు ఎల్లరకును అనుగ్రహించుగాక!