ఆరాధనను అలవాటు చేసిన అజరయ్య

ఒకటి రెండు ఆదివారాలు గుడికి వెళ్ళడం ఎవరికైనా సాధ్యమే. ఎండకు, వానకు, కూలిపనికి వెరవక జీవితాంతం వెళ్ళడమే కష్టం. ఆ కష్టమైన అలవాటును అక్షరం ఎరుగని పల్లెజనానికి ఓర్పుతో నేర్పిన మహనీయుడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన మాతృభాష తమిళం. జీవితం ధారపోసినది తెలుగువారికి. రెండు భాషల నడుమ బ్రతికే మన సరిహద్దు కుటుంబాలకు ఆయన ఆత్మీయుడే.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి సంఘగురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. ఈ దేశపు సేవ ఈ దేశపు ధనంతో, ఈ దేశపు మనుషులతోనే సాగాలని తలచి, 1903లో తిరునల్వేలి భారత మిషనరీ సంఘ స్థాపనకు పూనుకొన్నారు. ఆ సంఘం నైజాం రాజ్యంలోని డోర్నకల్‌ను సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది. ఇతరులను పంపి తాను ఊరకుండలేక, 1909లో గురువుగా అభిషిక్తులై, ఆయనే అక్కడికి చేరుకొన్నారు. ముప్పై దాటిన వయసులో తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

డోర్నకల్ ప్రాంతంలో సంఘంలో చేరినవారు అధికులు మాల, మాదిగ కూలిజనం. బాప్తిస్మము ఒక్కనాటి కార్యం. దానిని నిలుపుకోవడం నిత్యకృత్యం. ఆరాధన అలవాటు కాని సంఘం ఎంత పెద్దదైనా చెదరిపోతుందని అజరయ్యగారు గ్రహించారు. పగలంతా పరుల పొలాల్లో పనిచేసేవారికి పగటి ఆరాధన ఎట్లా సాధ్యం? అందుచేత ఊరూరా ఉపాధ్యాయుని నిలిపారు. ఆయన పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. పొద్దుగూకి పనివారు ఇల్లు చేరిన తరువాత అందరినీ ప్రార్థనకు కూర్చేవాడు. చదువురాని పెద్దలు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు వల్లెవేసి కంఠస్థం చేసేవారు. పాటలు నోటికి వచ్చేవి. ఉపాధ్యాయులతో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ లభించేది. ఆ స్త్రీవిద్యకు అన్బు అమ్మగారు అండగా నిలిచారు. తల్లి ప్రార్థించే ఇంట బిడ్డకు వేరుగా చెప్పవలసిన పని ఉండదు గదా!

పేదలు పుచ్చుకొనేవారే గాని ఇచ్చేవారు కారన్న భావనను ఆయన అంగీకరించలేదు. వంట వండేటప్పుడు తీసి ఉంచిన పిడికెడు బియ్యం, కోత పండుగనాడు తెచ్చిన ధాన్యం, కోడి, మేక, అన్నీ కానుకలే. వట్టి చేతులతో నిలబడిన మనిషి కానుకతో నిలబడినప్పుడు తల ఎత్తుకొంటాడు. మాల మాదిగలు ఒకే చాపపై కూర్చుండాలని పట్టుబట్టారు. ఆ ఎడమంతా ఆయన కాలంలోనే తొలగిపోలేదు; అయినను ఆయన పట్టు సడలించలేదు.

ఏళ్ళ తరబడి సాగిన డోర్నకల్ మహాదేవాలయ నిర్మాణం ముగిసి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల సొంపు అందులో కలిసి కనిపిస్తాయి. పరాయి కట్టడంలో గాక తమదైన ఆలయంలో తెలుగువాడు మ్రొక్కాలన్నదే ఆయన కోరిక.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే అజరయ్యగారు కన్నుమూశారు. ఆయన శ్రమించిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. దానిని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

నేడు మన పల్లెల్లో దీపాలకు కొదవ లేదు, దారులకు కొదవ లేదు. అయినను పని తొందర అని, పిల్లల పరీక్షలని ఆదివారం జారిపోతూ ఉంటుంది. ఆనాడు ఒళ్ళు అలసిన కూలివారు చీకటిలో నడిచివచ్చి కూర్చున్నారు. అలవాటు తీరికను బట్టి రాదు. వేళ తప్పక కూర్చుంటే వస్తుంది. ఈ సంగతిని మన బిడ్డలకు మాటలతో కన్న నడతతో నేర్పుదము.