172 రోజుల మస్తాన్ బాబు

నూజివీడు తోటల్లో మామిడి చెట్లు తప్ప నేను ఇంకేమీ ఎక్కి ఎరగను. ఈ వీకెండ్ భువనగిరి కొండ మీద తాడు పట్టుకుని దిగే ర్యాపెల్లింగ్‌కి పోదామని మా రూమ్ వాళ్లు ప్లాన్ వేస్తుంటే, మల్లి మస్తాన్ బాబు గుర్తొచ్చారు.

1974లో నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టారాయన. చదువు కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఆ స్కూల్లోనే చదివిన ఉదయ్ భాస్కర్ రావు 1985లో ఎవరెస్ట్ యాత్రలో చనిపోయారు. మస్తాన్ బాబుకి కొండల పిచ్చి పట్టింది ఆయన వల్లే. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్‌లో ఎంటెక్, కలకత్తా ఐఐఎం. మనలాంటి వారే, కాకపోతే మార్కులు బాగా వచ్చేవేమో.

2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలో డెనాలితో ముగించారు. ఏడు ఖండాలు, ఏడు శిఖరాలు, 172 రోజులు. పైగా ఏడూ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో ఎక్కారు! మేమేమో ఒక్క శనివారానికి బస్సు టికెట్ల దగ్గరే ఆగిపోయాం.

2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లారు. వాతావరణం పాడైంది. ఏప్రిల్‌లో భౌతికకాయం దొరికింది. అప్పటికి నలభై ఏళ్లే.

మా లిస్టులో మొన్నటిదాకా హెల్మెట్, తాడు, బిర్యానీ ఉన్నాయి. నిన్న ఇంకో మూడు చేర్చాం: వాతావరణం చూడాలి, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా తాడు ముట్టకూడదు, ఇంట్లో చెప్పాలి. మూడోది ఇంకా ఎవరూ చేయలేదు.