వృథా కాని శ్రమ

విద్యుద్యంత్రములకు మూలపురుషుడుగా మైకేల్ ఫారడే పేరు పాఠశాల విద్యార్థులు సైతము ఎరుగుదురు. ఆయన శ్రమించి చేసిన ఒక గాజుముక్క కథ మాత్రము అంత ప్రసిద్ధము కాదు. నక్షత్రముల నడుమనున్న అయస్కాంత క్షేత్రమును కొలుచు మార్గము ఆ గాజునుండియే మొదలైనది.

ఫారడే 1791లో లండను చెంత ఒక పేద కమ్మరి ఇంట జన్మించెను. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, అచ్చటికి వచ్చిన గ్రంథములను చదివి శాస్త్రాభిరుచి అలవరచుకొనెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, తాను వ్రాసికొన్న విషయములను అట్టకట్టి డేవీకి పంపెను. మరుసటి సంవత్సరమే రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయనకు సహాయకుడయ్యెను.

1825 మొదలు కొన్ని యేండ్లు రాయల్ సొసైటీవారి పనిగా, దూరదర్శినులకు దోషములేని గాజు చేయుటకై ఫారడే కొలిమికడ కష్టపడెను. సీసము కలిసిన బరువైన గాజు తయారయ్యెను గాని, ఆశించిన ప్రయోజనము నెరవేరలేదు. సొంత పరిశోధనలకు దక్కవలసిన కాలము అట్లు గడచిపోయెను.

కాంతికిని విద్యుదయస్కాంత శక్తులకును సంబంధము కలదని ఆయన విశ్వాసము. 1822లోను, ఆ పిమ్మటను చేసిన ప్రయోగములు విఫలములయ్యెను. సాధారణ కాంతి తరంగములు నానా దిశల కంపించును. ఒకే తలమున కంపించు కాంతిని ధ్రువిత కాంతి యందురు. 1845 సెప్టెంబరులో ఫారడే అట్టి కాంతిని, బలమైన విద్యుదయస్కాంతము చెంత నుంచిన పలు పదార్థముల గుండ పంపి చూచెను. మార్పు కానరాలేదు. తుదకు 13వ తేదీన తన పాత బరువు గాజును ఉంచగా, కంపన తలము కొంత తిరిగెను. కాంతిపై అయస్కాంత ప్రభావము తొలిసారి రుజువయ్యెను.

1867లో ఫారడే దివంగతుడయ్యెను. సరిగా నూరేండ్లకు, 1967లో, కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్, ఆంటొనీ హ్యూయిష్‌లు పల్సార్లను కనుగొనిరి. ఇవి వడిగా తిరుగు న్యూట్రాన్ నక్షత్రములు. 1982లో దొరికినదొకటి సెకనుకు 642 మారులు తిరుగును. వీని రేడియో పుంజము, ఓడలకు దారి చూపు దీపస్తంభపు వెలుగువలె, ప్రతి భ్రమణమున మనవైపు తొంగిచూచును.

ఆ తరంగములయందు ధ్రువణము కలదని 1968లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు శాస్త్రజ్ఞులు లైన్, గ్రాహం స్మిత్‌లు గుర్తించిరి. అవి ఆకాశమధ్యమున ఎలక్ట్రాన్లను, అయస్కాంత క్షేత్రమును దాటి వచ్చునపుడు వాని కంపన తలము, ఫారడే గాజులో కాంతికివలెనే, తిరుగును. తరంగదైర్ఘ్యము రెట్టింపైనచో ఈ మలుపు నాలుగు రెట్లగును. దీర్ఘ తరంగములు ఎంత ఆలస్యముగా చేరినవో చూచినచో దారిలోని ఎలక్ట్రాన్ల పరిమాణము తెలియును. ఈ రెండు కొలతలను కలిపి, పాలపుంతలోని అయస్కాంత క్షేత్రము భూమి క్షేత్రములో సుమారు లక్షవ వంతని లెక్కకట్టిరి.

కొలిమికడ ఫలింపలేదనుకొన్న పని ఇరువది యేండ్లకు ఫారడేకు అక్కరకు వచ్చెను. నూరేండ్లు దాటిన పిదప, ఆయన ఊహింపని నక్షత్రముల విషయమున లోకమునకు అక్కరకు వచ్చెను.